ఓడ నీళ్లు వదిలిన రెండు వారాలు

వేసవి సెలవులు దగ్గరపడితే నిజాంపేట, ప్రగతినగర్ అపార్ట్‌మెంట్లలో ఎక్కడికి వెళ్దామన్న చర్చ మొదలవుతుంది. గోవా, మనాలి, థాయ్‌లాండ్ పక్కన ఈ మధ్య క్రూజ్ కూడా చేరింది. 2022 జూన్‌లో కార్డీలియా క్రూజెస్ వారి ‘ఎంప్రెస్’ ఓడ విశాఖకు వచ్చాక హైదరాబాద్ వాళ్లకు సముద్రయానం రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అందే సరదా అయింది. ఈత కొలను ఉందా, బఫేలో ఏం పెడతారు, బాల్కనీ గది ఎంత అని అందరూ అడుగుతారు. ఓడ వయసెంత అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ ఎంప్రెస్ 1990 నాటిది. ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్‌లో ‘నార్డిక్ ఎంప్రెస్’గా పుట్టింది. 2004లో ‘ఎంప్రెస్ ఆఫ్ ద సీస్’ అయింది. 2008లో స్పెయిన్ కంపెనీ పుల్‌మంటూర్ చేతికి, 2016లో మళ్లీ పాత కంపెనీ రాయల్ కరీబియన్‌కు వెళ్లి, 2020 చివర్లో అమ్ముడై మన తీరానికి చేరింది. ముప్ఫై అయిదేళ్ల అపార్ట్‌మెంటు మీద లోను ఇవ్వడానికి బ్యాంకువాళ్లు వెనకాడతారు. ఆ వయసు ఓడ మాత్రం రాత్రీ పగలూ ఉప్పునీళ్లలో నానుతూ, వందల కుటుంబాలను మోస్తూ తిరగగలదు. దాన్ని నిలబెట్టేది డ్రైడాక్.

డ్రైడాక్ అంటే నీటి అంచున కట్టిన పెద్ద కాంక్రీటు గొయ్యి. ఒక కొసన గేటు ఉంటుంది. నీళ్లు నింపి గేటు తీస్తే ఓడ తేలుతూ లోపలికొస్తుంది. గేటు మూసి పంపులతో నీళ్లు తోడేస్తే ఓడ దిమ్మెల మీద కూర్చుంటుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆ దిమ్మెలను గొయ్యి పొడిగా ఉన్నప్పుడే, ఓడ అడుగున బలమైన ఫ్రేములు ఎక్కడున్నాయో నక్షాలో చూసి, కొలిచి పేర్చాలి. నీళ్లు దిగుతుంటే మామూలుగా ఓడ వెనకభాగం ముందు ఆనుతుంది. అక్కడి నుంచి ఓడ మొత్తం కుదురుకునేదాకా అసలు గండం: సగం తేలుతూ, సగం ఆని ఉన్న ఓడకు నిలకడ తగ్గుతుంది. డాక్‌మాస్టర్ పంపుల వేగం తగ్గిస్తాడు. డైవర్లు కిందికి దిగి ప్రతి దిమ్మె చోటులో ఉందో లేదో చూసి వస్తారు. ఆ తర్వాతే మిగతా నీళ్లు తోడతారు.

నీళ్లు పోయాక కనబడేది టికెట్టు కొన్నవాళ్లెవరూ చూడని భాగం. పాకుడు, బార్నకిల్ గుల్లలు, ఇంజిన్ చల్లబరచడానికి సముద్రపు నీళ్లు పీల్చే రంధ్రాలకు పట్టిన చెత్త. పాకుడు పొర పలచగా ఉన్నా నీటితో రాపిడి పెరిగి ఇంధనం ఖర్చవుతుంది కాబట్టి, ముందు హైప్రెషర్ నీళ్లతో కడుగుతారు. తర్వాత అల్ట్రాసౌండ్ మీటరుతో ఉక్కు రేకు మందం కొలుస్తారు. తుప్పు ఓడ ఉక్కును తినకుండా తామే కరిగిపోయేలా అమర్చిన జింకు దిమ్మలను మారుస్తారు. లంగరు గొలుసును గొయ్యి అడుగున పరిచి లింకు లింకూ కొలుస్తారు. సాధారణంగా 12 శాతానికి మించి అరిగితే ఆ ముక్క తీసేయాల్సిందే. ప్రొపెల్లర్ నునుపు, షాఫ్ట్ సీళ్లు, ఓడ ఊగకుండా పక్కల నుంచి రెక్కల్లా చాచే స్టెబిలైజర్లు, అన్నీ చూసుకున్నాక రంగు. ఒకప్పుడు గుల్లలు పట్టకుండా తగరం కలిసిన విషపు రంగులు వేసేవారు. సముద్ర జీవులను చంపుతున్నాయని వాటిని నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు చాలా క్రూజ్ ఓడలకు గుల్లకు పట్టు దొరకక జారిపోయే సిలికాన్ పూత వేస్తున్నారు.

ఇదంతా యజమాని ఇష్టాన్ని బట్టి జరిగేది కాదు. ప్రయాణికుల ఓడ అడుగును ఏటా తనిఖీ చేయాలి. మామూలు నిబంధన ప్రకారం అయిదేళ్లలో కనీసం రెండు తనిఖీలు డ్రైడాక్‌లోనే జరగాలి.

సరుకు ఓడ అయితే పని ఇక్కడితో దాదాపు అయిపోయినట్టే. క్రూజ్ ఓడకు ఇంకా సగం మిగిలే ఉంటుంది, ఎందుకంటే ఆ ఉక్కు మీద ఒక హోటల్ ఉంది. కార్పెట్లు, పరుపులు, బాత్‌రూములు, వంటగది యంత్రాలు, అన్నీ రెండు మూడు వారాల్లో మారాలి. ఓడ తిరగని ప్రతి రోజూ నష్టమే, తర్వాతి ప్రయాణం టికెట్లు అప్పటికే అమ్ముడై ఉంటాయి. పైగా సముద్రపు నీళ్లు లేవు కాబట్టి ఓడ ఇంజిన్లు నడవవు. కరెంటు, మంటలార్పే నీళ్లు ఒడ్డు నుంచే రావాలి. ఆ ఉక్కపోతలో వందల మంది వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు ఒకరినొకరు రాసుకుంటూ పనిచేస్తారు.

నిజాంపేటలో ఫాల్స్ సీలింగూ మాడ్యులర్ కిచెనూ చేసే మేస్త్రీకి చేతి నైపుణ్యంలో లోటేమీ లేదు. సరుకు మాత్రం వేరు. మనం ప్లైవుడ్ కొట్టే చోట ఓడలో రెండు స్టీలు రేకుల మధ్య రాక్‌వుల్ నింపిన ప్యానెల్ వాడతారు. కర్టెన్ గుడ్డకు కూడా మంట పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే పరుగెత్తడానికి వీధి ఉండదు మరి.

గడువు నిలబెట్టుకోవడం ఎంత కఠినమో తెలియాలంటే విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు చరిత్ర చూడాలి. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో మొదలుపెట్టిన యార్డు ఇది. స్వతంత్ర భారతంలో నీళ్లలోకి దిగిన మొదటి పెద్ద ఓడ ‘జలఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడే జలప్రవేశం చేయించారు. వాల్‌చంద్ వాళ్ల సింధియా కంపెనీ పేరు అక్కడి జంక్షన్‌కు ఇప్పటికీ ఉంది. ఈ యార్డుకే 2006లో మరమ్మతుకు వచ్చిన జలాంతర్గామి ‘సింధుకీర్తి’ 2015లో గానీ బయటపడలేదు. అనుకున్నది మూడేళ్లు, పట్టింది తొమ్మిదేళ్లు. ఆ తర్వాత మరో జలాంతర్గామి ‘సింధువీర్’ మరమ్మతుతో యార్డు పేరు నిలబెట్టుకుంది. అయినా క్రూజ్ కంపెనీ నెల ఆలస్యాన్ని కూడా భరించదు.

ప్రమాదమూ తక్కువ కాదు. 2019 ఏప్రిల్ 1న బహామాస్‌లోని ఫ్రీపోర్ట్‌లో, అప్పటి అతి పెద్ద ఓడల్లో ఒకటైన ‘ఒయాసిస్ ఆఫ్ ద సీస్’ మీద డాక్ క్రేన్ కూలింది. ఎనిమిది మందికి గాయాలయ్యాయి, మూడు ప్రయాణాలు రద్దయ్యాయి. విశాఖలో ఇంకా ఘోరం: 2020 ఆగస్టు 1న కొత్త క్రేన్‌ను పరీక్షిస్తుండగా కూలి 11 మంది చనిపోయారు.

తెలుగు తీరానికి ఓడ మరమ్మతు కొత్త విద్యేమీ కాదు. గోదావరి పాయ ఒడ్డున కోరంగిలో 1802లోనే ఎబెనెజర్ రోబక్ అనే ఇంగ్లీషు వ్యాపారి బ్రిటిష్ నౌకాదళ ఓడల కోసం డాక్ కట్టించాడు. ఇప్పుడు విశాఖలో దాదాపు 96 కోట్లతో కట్టిన క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరు నుంచి ఉంది. షిప్‌యార్డు డ్రైడాక్ పొడవు 244 మీటర్లు, ఎంప్రెస్ పొడవు 211. కొలతల ప్రకారం పట్టే ఓడే. అంతకంటే పెద్దవాటికి కొచ్చిలో 2024 జనవరిలో ప్రారంభమైన 310 మీటర్ల డాక్ ఉంది. మరమ్మతుల మీద జీఎస్టీని కూడా 2021లో 5 శాతానికి తగ్గించారు.

విశాఖకు ఇంకా కావలసింది హోటల్ సగం: సర్టిఫికెట్ ఉన్న ప్యానెళ్లు, తలుపులు, గుడ్డలు తయారుచేసి, చెప్పిన రోజుకు డాక్ గేటు దగ్గర దించే చిన్న కంపెనీలు. ఆ చేతులు హైదరాబాద్ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో ఉన్నాయి, కానీ ఓడ పని వాళ్ల ఊహలో కూడా లేదు. ఏకంగా క్రూజ్ ఓడతో మొదలుపెట్టడం దుస్సాహసం. విశాఖలోనే తయారై 1999 నుంచి అండమాన్‌కు ప్రయాణికులను చేరవేస్తున్న ‘స్వరాజ్ ద్వీప్’ లాంటి ఓడల గదులు, వంటశాలలు ముందు గడువులోగా చేసి చూపిస్తే, కంపెనీలు తర్వాత వాటంతట అవే ధర అడుగుతాయి.