ఐదు సాక్ష్యములు - ఆఱవ సంఖ్య

ఒకటికంటె పెద్దదై, ఒకటిచేతను తనచేతను తప్ప మఱే సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. 2, 3, 5, 7, 11 అట్టివి. చిన్న సంఖ్యలలో వీనిని గుర్తించుట సులభము. సంఖ్య పెరిగినకొలది ఆ పని కష్టమగును. 4,29,49,67,297 అను సంఖ్య యొక్క చరిత్ర మనకు ఈ సంగతిని చక్కగా తెలుపును.

దీని పుట్టుక యెట్టిదో చూడుడు. 2కు ఒకటి చేర్చిన 3 వచ్చును. 2ను దానితోనే గుణించిన 4. ఒకటి చేర్చిన 5. 4ను దానితోనే గుణించిన 16. ఒకటి చేర్చిన 17. ఇట్లే పోగా 257, ఆ పిమ్మట 65,537 లభించును. ఈ యైదును ప్రధాన సంఖ్యలే. 65,536ను దానితోనే గుణించి ఒకటి చేర్చినచో వచ్చు ఆఱవ సంఖ్యయే మనము చెప్పుకొన్నది.

పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో ఫెర్మా అను న్యాయాధికారి యుండెను. తీరిక వేళలయందు గణితమును సాధించి, ఆయన మహాగణితజ్ఞుడని పేరు పొందెను. ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని తాను నమ్ముచున్నట్లు 1640లో మఱియొక గణిత పండితునకు వ్రాసెను. నిరూపణము మాత్రము తనకు దొరకలేదని ఆ లేఖలోనే ఒప్పుకొనెను.

ఆఱవ సంఖ్యను పరీక్షించుట సామాన్యమైన పని కాదు. దానికి కారణాంకములున్నచో, వానిలో నొకటి 65,536కు లోబడియే యుండవలెను. ఆ లోపల 6,542 ప్రధాన సంఖ్యలు కలవు. వానితో ఒక్కొక్కటిగా భాగించి చూచుట కెంత ఓర్పు కావలెనో ఊహింపుడు!

1729లో గోల్డ్‌బాక్ అను పండితుడు ఫెర్మా మాటను తన మిత్రుడైన అయిలర్ దృష్టికి తెచ్చెను. అయిలర్ అప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున నుండెను. 1732లో ఆయన, ఈ సంఖ్య 641చేత నిశ్శేషముగా భాగింపబడునని తెలియజేసెను. దీనికి ప్రధాన కారణాంక మేది యున్నను, అది 64 యొక్క గుణిజము కంటె ఒకటి యెక్కువగా నుండవలెనని తరువాత నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. మొదటి నాలుగింటితో భాగించిన శేషము మిగులును, ఐదవదానితో మిగులదు. వేల భాగహారములతో తేలవలసిన పని యైదింటితో తేలినది!

మీరును సరిచూడవచ్చును. 67,00,417ను 600తో గుణించిన 4,02,02,50,200. 40తో గుణించిన 26,80,16,680. ఒకటితో గుణించిన 67,00,417. ఈ మూడింటిని కూడినచో మన సంఖ్యయే వచ్చును.

ఈ వరుసలో ఆ యైదు గాక వేఱొక ప్రధాన సంఖ్య నేటివఱకు దొరకలేదు. ఇక లేనే లేదని నిరూపించినవారును లేరు.

ఐదుమార్లు నిజమైనది ఆఱవమారు నిజము కావలెనను నియమము లేదు. చెప్పినవాడు ఫెర్మా యంతటివాడైనను, నిరూపణము దొరకువఱకు ఆ మాట నమ్మకమే గాని సిద్ధాంతము కాదు. ఈ భేదమును ఆయనయే ఆ లేఖలో మఱుగుపఱచక చెప్పెను. అందుచేతనే తరువాతివారు దానిని పరీక్షింపగలిగిరి.