తెగింది బెల్టే కదా!

మా కారు ఆగిపోయినప్పుడు చప్పుడేమీ చెయ్యలేదు. వరంగల్లు నుంచి వర్ధన్నపేటకు తిరిగి వస్తున్నాము. మామునూరు దాటి, ఇల్లంద సమీపిస్తూ వుండగా, గాలికి దీపం ఆరినట్లు ఇంజను ఆరిపోయింది. వెనక సీటులో అమ్మ. బండిని పక్కకు దొర్లించి తాళం తిప్పాను. రోజూ మూలుగుతూ తిరిగే ఇంజను ఆనాడు బొంగరంలా గిర్రున తిరిగింది, అంటుకోలేదు. మరోసారి తిప్పాను. ఆ రెండోసారి తిప్పడమే నా తెలివితక్కువతనమని తరువాత తెలిసింది.

ట్రాక్టరుకు తాడు కట్టి ఇల్లు చేర్చాము. ఫోనులో లక్షణాలు విన్న మెకానిక్కు ఒకాయన, "టైమింగు బెల్టు తెగింది. వాల్వులన్నీ వంగిపోయి వుంటాయి. ఇంజను మార్చుకోవలసిందే" అని తీర్పు చెప్పాడు. ఆ ఖర్చు మా పాత కారు ఖరీదును మించిపోతుంది. పోనీ అమ్మేద్దామా అంటే, పదిహేను రోజులకొకసారి అమ్మను వరంగల్లు ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్సు మెట్లు ఎక్కడానికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు.

"చూడకుండనే పోయిందని ఎట్ల అంటం బావా? ఇప్పి చూద్దాం" అన్నాడు మా బావమరిది. ట్రాక్టరు ఇంజన్లు విప్పి బిగించిన చెయ్యి అతనిది.

ఇంతకూ ఈ బెల్టు చేసే పని ఏమిటంటారా? ఇంజను అడుగున పిస్టన్లతో కలిసి తిరిగేది క్రాంకు. పైన వాల్వులను తెరిచి మూసేది క్యాము. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెంటినీ కలిపి వుంచేదే పళ్ళున్న ఈ రబ్బరు బెల్టు. ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు సెకండుకు 25 సార్లు తెరుచుకుంటుంది! అంబాసిడరు కార్లలో ఈ పనికి ఇనుప గొలుసు వుండేది. 1962లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ తన 1004 కారుకు రబ్బరు బెల్టు తొడిగింది. చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ. కాని గొలుసు వదులైతే ముందుగా గలగలమని చెబుతుంది. బెల్టు సాధారణంగా చెప్పాపెట్టకుండా పోతుంది. అప్పుడు క్యాము ఉన్నచోటనే నిలిచిపోతుంది. పిస్టన్లు మాత్రం ఆ ఊపులో ఇంకా లేస్తూనే వుంటాయి. కొన్ని ఇంజన్లలో తెరిచివున్న వాల్వుకూ పిస్టనుకూ మధ్య చోటు మిగులుతుంది. తక్కినవాటిలో రెండూ ఢీకొంటాయి.

మాది ఏ జాతిదో చూడాలి. బ్యాటరీ తీగ ఊడదీసి, బెల్టు మూత విప్పాము. బెల్టు తెగలేదు సుమండీ! క్రాంకు దగ్గర పళ్ళు దువ్వెన పళ్ళలా రాలిపోయి వున్నాయి. పక్కన ఆయిలు సీలు కారి, రబ్బరును నానబెట్టింది. బెల్టు మార్చవలసిన కిలోమీటర్లు ఇంకా రాలేదని నేను ధీమాగా వున్నాను. సంవత్సరాలు కూడా లెక్కపెట్టాలని పుస్తకంలో వుంది, చదవలేదు.

పిస్టన్లు వాల్వులకు తగలని చోట క్రాంకును నిలిపి, క్యామును చేత్తో తిప్పుతూ, ఒక్కొక్క వాల్వు దగ్గర సందును సన్నని రేకుల గేజీతో కొలిచాము. ఐదింటికి సరిగానే వుంది. ఆరోదానికి సందు మితిమీరింది. వాల్వు వంగితే పూర్తిగా మూసుకోదు, అందుకని సందు పెరుగుతుంది. రేడియేటరు నీళ్ళు దించి, హెడ్డు విప్పి, బోర్లించి, మూడు గుంటల్లోనూ కిరసనాయిలు పోశాము. పావుగంటకు రెండింటిలో నిలిచింది. మూడోదాంట్లో ఇంకిపోయింది.

"ఒక్కటే బావా!" అని కేకవేశాడు బావమరిది. ఇంజను పోయిందన్న తీర్పు ఒక్క వాల్వు దగ్గర ఆగింది.

అన్నీ ఇంట్లో చెయ్యగలమని కోతలు కొయ్యను. కొత్త వాల్వు, దాని గైడు, కూర్చునే పీట సరిచూడడం వరంగల్లులో మిషను షాపు పని. అక్కడికే పంపాము. తిరిగి బిగించడం మాది. కొత్త గాస్కెట్టు వేసి, హెడ్డు బోల్టులను నడుమ నుంచి అంచులకు, ఒకేసారి కాకుండా మూడు విడతలుగా, బిగువు కొలిచే రెంచితో బిగించాము. కారిన సీలు, టెన్షనరు బేరింగు, బెల్టు మూడూ కొత్తవే. గుర్తుకు గుర్తు కలిపి, తాళం ముట్టకుండా, పానాతో క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పాము. ఎక్కడన్నా తగిలితే చేతికి తెలుస్తుంది. తగలలేదు. గుర్తులు మళ్ళీ కలిశాయి.

"పోతే పోనీ బిడ్డా, చెయ్యి భద్రం" అంటూ అమ్మ అరుగు మీద నుంచి చూస్తూనే వుంది. నా శ్రీమతి మాత్రం కిరసనాయిలు మరకలు పడిన తన ఇత్తడి చెంబును గూర్చి అడుగుతున్నది.

తాళం తిప్పాను. మూలిగింది. రెండో మూలుగుకు అంటుకుంది.

బెల్టు వేసిన తేదీ బానెట్టు లోపల తెల్లరంగుతో రాశాను. ఆ శుక్రవారమే ఆసుపత్రికి బయలుదేరాము. ఇల్లంద దాటుతుండగా అమ్మ కిటికీలోంచి చూసి, "ఇక్కడనేనా ఆగింది?" అన్నది.

"ఇక్కడనే" అన్నాను, గేరు మారుస్తూ.