బొమ్మ రైలుకి కరెంటు ఎక్కణ్ణుంచి రావాలి?

హనుమాన్ జంక్షన్‌లో రైలెక్కాలంటే నూజివీడు స్టేషన్‌కి వెళ్లాలి. స్టేషన్ పేరు నూజివీడుది, నేల హనుమాన్ జంక్షన్‌ది. పైగా రైల్వే లెక్కలో అది జంక్షనే కాదు. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు రోడ్లు కలిసే చోటు కాబట్టి ఆ బిరుదు రోడ్లకే దక్కింది. అయితేనేం, హౌరా–చెన్నై ప్రధాన మార్గం కావడంతో అక్కడి ప్లాట్‌ఫాం మీద అరగంట నిలబడితే చాలు, గూడ్సులూ ఎక్స్‌ప్రెస్‌లూ కలిపి రకరకాల కరెంటు ఇంజన్లు కనిపిస్తాయి. ఇంజన్ నెత్తిన పాంటోగ్రాఫ్, దాన్ని ఆనుకుని తీగ, ఆ తీగలో 25,000 వోల్టులు. నడపడానికి కావలసిన శక్తి ఇంజన్ లోపల లేదు. ఎక్కడో పవర్‌హౌస్‌లో పుట్టి తీగ వెంట వస్తోంది.

ఇంట్లో పిల్లలు లెగో ముక్కలతో కట్టుకున్న రైలు సంగతి వేరు. అది తన కరెంటుని తనే మోసుకుని తిరుగుతుంది. పిల్లల తల్లిదండ్రులూ, పిల్లల పేరు చెప్పి తామే ఆడుకునే పెద్దలూ అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: ఏ మోటారు కొనాలి? నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవలసింది కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది. అది తేలితే మోటారు సగం తేలినట్టే. పెద్ద రైళ్ల చరిత్ర, బొమ్మ రైళ్ల చరిత్ర రెండూ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

అసలు లోకంలో మొట్టమొదటి కరెంటు రైళ్లలో ఒకటి బొమ్మ రైలే. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి ఉండేవాడు. దగ్గర్లోని ఇనుప కర్మాగారంలో విద్యుదయస్కాంతం పనిచేయడం చూసి, ఒకటి కొనుక్కొచ్చి, విప్పి చూశాడు. తీగ చుట్లకు ఇన్సులేషన్ కోసం భార్య ఎమిలీ తన పెళ్లినాటి పట్టు గౌనుని పీలికలు చేసి ఇచ్చిందని చెబుతారు. 1834–35లో అతను మోటారు తయారుచేసి, దాన్ని చిన్న బండికి బిగించి గుండ్రటి పట్టాల మీద తిప్పి చూపించాడు. 1837లో పేటెంటు కూడా వచ్చింది. కొనేవాళ్లు మాత్రం రాలేదు. జింకు పలకలు ఆమ్లంలో కరిగి పుట్టించే కరెంటు బొగ్గు కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. మోటారు బాగానే ఉంది, కరెంటు దగ్గరే బండి ఆగింది.

స్కాట్లండ్‌లో రాబర్ట్ డేవిడ్‌సన్‌కీ ఇదే అనుభవం. 1842లో ఆయన కట్టిన ‘గాల్వానీ’ అనే బ్యాటరీ ఇంజన్ ఎడిన్‌బరో–గ్లాస్గో మార్గంలో గంటకి ఆరేడు కిలోమీటర్ల వేగంతో కదిలింది. మనిషి కాస్త గట్టిగా నడిస్తే దాన్ని దాటేస్తాడు.

కరెంటుని మోసుకెళ్లడం మానేసి బయట నుంచి అందించిన మొదటి గట్టి ప్రయత్నం వెర్నర్ ఫాన్ సీమెన్స్‌ది. 1879 బెర్లిన్ ప్రదర్శనలో 300 మీటర్ల గుండ్రటి దారి వేసి, రెండు పట్టాల మధ్య మూడో పట్టా పరిచి, దాంట్లోంచి 150 వోల్టుల కరెంటు ఇచ్చాడు. బల్లల్లాంటి పెట్టెల మీద కూర్చుని నాలుగు నెలల్లో 86 వేల మందికి పైగా జనం తిరిగారు. రెండేళ్ల తర్వాత, 1881లో, బెర్లిన్ శివారు లిష్టర్‌ఫెల్డేలో ఆయన వేసిన ట్రాములో మూడో పట్టా కూడా లేదు. చక్రాలు నడిచే రెండు పట్టాల్లోనే 180 వోల్టులు. దాటబోయిన మనుషులకీ గుర్రాలకీ షాకులు కొట్టడంతో కరెంటు నేల మీద నుంచి మెల్లగా తల మీది తీగకి ఎక్కింది. మన దేశంలో 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ నుంచి కుర్లాకి నడిచిన మొదటి కరెంటు రైలు తీగలో 1500 వోల్టుల డీసీ ఉండేది. 1957లో రైల్వేలు 25,000 వోల్టుల ఏసీని ఎంచుకున్నాయి. విజయవాడ నుంచి ఉత్తరంగా మన వైపు తీగలు పడింది 1990ల్లో.

బ్యాటరీ, మధ్య పట్టా, రెండు పట్టాలు, పై తీగ. ఈ వరస గుర్తుంచుకుంటే డెన్మార్క్‌లో లెగో కంపెనీ ఉన్న బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఏం జరిగిందో సులువుగా అర్థమవుతుంది.

లెగో మొదటి రైలు 1966లో వచ్చింది. నీలం పట్టాలు, మూడు సెల్స్, 4.5 వోల్టులు. మూడేళ్లకే, 1969లో, 12 వోల్టుల రైలు వచ్చింది. పట్టాల మధ్య కరెంటు కడ్డీలు, గోడ ప్లగ్గుకి ట్రాన్స్‌ఫార్మర్. సీమెన్స్ మధ్య పట్టా మళ్లీ పుట్టిందన్నమాట. 1980లో పట్టాలు బూడిద రంగుకి మారి, దూరం నుంచే పాయింట్లూ సిగ్నళ్లూ మార్చే ఏర్పాటు కూడా తోడైంది. ఈ సరదాని అంతకు మించి పెంచినవాళ్లు లేరని ఇప్పటికీ వాదించే పాతకాపులున్నారు. 1991లో కడ్డీలు పోయాయి. నడిచే పట్టాలకే లోహపు తొడుగు, మోటారు చక్రాలకి లోహపు అంచు, 9 వోల్టులు. అంటే లిష్టర్‌ఫెల్డే పద్ధతే. 9 వోల్టులు పిల్లల వేలికి తెలియను కూడా తెలియవు కాబట్టి గుర్రాల బెడద లేదు.

ఈ 9 వోల్టుల పద్ధతిని నేను పొగడకుండా ఉండలేను. సెల్స్ మార్చే పని లేదు, రైలు ఎంతసేపైనా తిరుగుతుంది. కానీ రెండు పట్టాల్లో ఒకటి ప్లస్, ఒకటి మైనస్. రైలు ఒక చుట్టు తిరిగి తను వచ్చిన దారిలోకే ఎదురు దిశలో చేరేలా లూపు వేశారనుకోండి, ప్లస్ పట్టా పోయి మైనస్ పట్టాకి తగులుతుంది. షార్ట్ సర్క్యూట్. దారి పొడుగైతే ఇంకో చిక్కు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న మలుపులో వోల్టేజీ పడిపోయి రైలు నీరసిస్తుంది. అక్కడ మరో జత తీగలు తెచ్చి కలపాలి. పెద్ద లైను పక్కన కొన్ని పదుల కిలోమీటర్లకు ఒక సబ్‌స్టేషన్ ఉండేది ఇందుకే. అన్నిటికన్నా పెద్ద శత్రువు మురికి. డెల్టా ఉక్కపోతలో, దుమ్ములో, పట్టాల మీద సన్నని పొర కడుతుంది. దూదికి స్పిరిట్ అద్ది తుడుస్తూ ఉండాల్సిందే.

లోహం తొడిగిన పట్టా తయారీ ఖరీదైన వ్యవహారం. 2006లో లెగో మళ్లీ ప్లాస్టిక్ పట్టాలకీ, సెల్స్‌కీ, ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌కీ వెళ్లిపోయింది. కొద్ది కాలానికే 9 వోల్టుల పట్టాలు ఆగిపోయాయి. ఆ తర్వాత పవర్ ఫంక్షన్స్ అనే పద్ధతి, 2018 నుంచి బ్లూటూత్‌తో నడిచే పవర్డ్ అప్. పెద్ద రైళ్లు బ్యాటరీ నుంచి తీగ వైపు నడిస్తే, బొమ్మ రైళ్లు పట్టాల కరెంటు దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. ఖర్చుతో పాటు ఇంకో కారణం: డేవిడ్‌సన్ నాటి జింకు బ్యాటరీ వేరు, నేటి బ్యాటరీ వేరు. పెద్ద రైళ్లలోనూ చిన్న పనులకి ఇది మొదలైంది. 2020లో జబల్‌పూర్‌లో ‘నవదూత్’ అని, తీగ ఉన్నచోట తీగతో, లేనిచోట బ్యాటరీతో నడిచే షంటింగ్ ఇంజన్ తయారైంది.

కాబట్టి ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో ఎవరైనా కొత్తగా మొదలుపెడితే బ్యాటరీయే దిక్కు. పాత 9 వోల్టుల సామాను సెకండ్ హ్యాండ్‌లో దొరికినా, పట్టా ధర చూస్తే నీరుగారిపోతాం. రిమోట్‌లో కూడా తేడా ఉంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌కి ఎండ పడదు. వరండాలో పట్టాలు పరిస్తే మధ్యాహ్నం పూట రైలు మాట వినదు. బ్లూటూత్‌కి ఆ పేచీ లేదు.

ఇక మోటారు. బొమ్మ మోటారంటే రెండు శాశ్వత అయస్కాంతాల మధ్య తిరిగే తీగచుట్ట. ఆ చుట్టలో కరెంటు దిశని సరైన క్షణంలో తిప్పే కమ్యుటేటర్ డావెన్‌పోర్ట్ నాటి ఉపాయమే. మోటారు తిరుగుతూ తనే ఓ డైనమోగా కూడా పనిచేస్తుంది. వచ్చే వోల్టేజీకి ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. వేగం ఎక్కువైతే ఎదురు ఎక్కువ, అప్పుడు లాగే కరెంటు తక్కువ. లోడు పడి వేగం తగ్గితే ఎదురు తగ్గి కరెంటు పెరుగుతుంది, దాంతో తిప్పే బలమూ పెరుగుతుంది. మొత్తం ఆగిపోతే కరెంటు గరిష్ఠానికి చేరి, పనేమీ జరక్క అంతా వేడి అవుతుంది. బొమ్మ మోటార్లలో వేడెక్కితే కరెంటుని అడ్డుకునే చిన్న థర్మిస్టర్ పెట్టేది ఇందుకే. రైలు ఎక్కడో ఇరుక్కుని మోటారు మూలుగుతుంటే స్విచ్ ఆపి చెయ్యి అందించండి, పూర్తి స్పీడు ఇచ్చి తోయించకండి.

వేగం సంగతి లెక్క వేసి చూద్దాం. లెగో పట్టాల మధ్య దూరం దాదాపు 37.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676. అంటే బొమ్మ 45 రెట్లు చిన్నది. ఆ లెక్కన 20.5 మీటర్ల డబ్ల్యూఏపీ–7 ఇంజన్ 46 సెంటీమీటర్లవుతుంది, 23.5 మీటర్ల ప్రయాణికుల ఎల్‌హెచ్‌బీ పెట్టె 52. పవర్ ఫంక్షన్స్ ఎక్స్‌ఎల్ మోటారు 9 వోల్టుల దగ్గర లోడు లేకుండా నిమిషానికి సుమారు 220 చుట్లు తిరుగుతుంది, ఎల్ మోటారు 390. చిన్న రైలు చక్రం వ్యాసం 18 మిల్లీమీటర్లనుకుంటే, ఎక్స్‌ఎల్‌ని నేరుగా ఇరుసుకి బిగిస్తే సెకనుకి 21 సెంటీమీటర్లు. 45తో గుణిస్తే గంటకి 34 కిలోమీటర్లు. అచ్చం గూడ్సు నడక. ఎల్ అయితే 60. ఎల్‌కి 20 పళ్ల గేరు, చక్రానికి 12 పళ్ల గేరు పెడితే కాగితం మీద వంద దగ్గరికి పోతుంది. అయితే గేరుతో వేగం పెంచినంతా లాగుడు తగ్గుతుంది, పైగా గేర్ల రాపిడి కొంత మింగుతుంది. రైలు కోసమే చేసిన రెండిరుసుల మోటారు వేగంగా పోతుంది కానీ బలం తక్కువ. నాలుగు తేలిక పెట్టెలకి మించితే రెండోది తోడు కావాలి.

బలమున్నా పట్టు లేకపోతే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. డబ్ల్యూఏజీ–9 ఇంజన్ 123 టన్నులు ఊరికే తూగదు. ఆ బరువే చక్రాన్ని పట్టాకి అదిమి పెడుతుంది. అదీ చాలక చక్రాల ముందు ఇసుక చల్లే ఏర్పాటు ఉంటుంది. బొమ్మకి ఇసుక బదులు చక్రం చుట్టూ సన్నని రబ్బరు రింగు, బరువు కోసం మోటారు ఇరుసుల నెత్తినే సెల్స్ పెట్టె. సెల్స్‌ని అందంగా ఉంటుందని వెనక పెట్టెలో దాచేవాళ్లున్నారు. ఆ బరువు పట్టుకి పనికిరాదు సరికదా, లాగాల్సిన బరువు అవుతుంది.

మలుపులది ఇంకో లెక్క. లెగో వారి మామూలు వంపు పట్టాలు పదహారు కలిపితే ఒక వృత్తం, వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు. నిజం రైలు కొలతలో అది 14 మీటర్లు. మన బ్రాడ్‌గేజిలో ఎంత గట్టి మలుపైనా 175 మీటర్లకు తగ్గదు. అర మీటరు పొడుగు ఎల్‌హెచ్‌బీ పెట్టెలు ఆ మలుపులో ఈడ్చుకుంటూ పోతాయి. మోటారు బలంలో పెద్ద వాటా అక్కడే పోతుంది. ఇంకో ఇబ్బంది మన ఇళ్లది: నున్నటి గ్రానైట్ మీదా టైల్స్ మీదా రైలు కదా కదలాలి, పట్టాలే కదులుతాయి. కింద పాత జంపఖానా పరిస్తే సరి.

పవర్డ్ అప్ హబ్‌లో ఆరు ట్రిపుల్ ఏ సెల్స్ పడతాయి. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఆరూ కలిపి 9 వోల్టులు, రీచార్జి చేసేవి 7.2. కొత్త సెల్స్‌తో పోలిస్తే వేగం ఐదో వంతు తగ్గుతుంది కానీ, ఆల్కలైన్ లోడు పడగానే నీరసిస్తుంది, రీచార్జి సెల్ చివరి దాకా దాదాపు అదే వోల్టేజీ ఇస్తుంది. 800 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్స్ వేసి రైలు 0.4 ఆంపియర్లు లాగితే రెండు గంటల ఆట. నా ఓటు రీచార్జి సెల్స్‌కే. కంపెనీ మోటార్ల ఖరీదు భరించలేనివాళ్లు ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టులకి కొనే మోటార్ల వైపు చూస్తారు. పసుపుపచ్చ బీవో మోటారు చవకే గానీ లోకో నడుములో పట్టదు. ఎన్20 గేర్ మోటారు సన్నగా ఇమిడిపోతుంది, కావలసిన వేగానిది ఎంచుకోవచ్చు. దానికి లిథియం సెల్స్ వాడితే రక్షణ సర్క్యూట్ లేకుండా మాత్రం వద్దు. రోహిణి కార్తె ఎండలో కారులో వదిలెయ్యనూ వద్దు.

మొదటిసారి కట్టేవాళ్లకి నేను చెప్పేది గూడ్సు బండే. నూజివీడు స్టేషన్‌లో చూసే బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు, బొమ్మలో 24 సెంటీమీటర్లు. ఆ 32 సెంటీమీటర్ల మలుపులో పొట్టి వ్యాగన్లు రాపిడి లేకుండా తిరుగుతాయి. డబ్ల్యూఏజీ–9 ఆకారంలో ఇంజన్, దాని పొట్టలో నేరుగా బిగించిన ఎక్స్‌ఎల్, దాని నెత్తిన సెల్స్, డ్రైవింగ్ చక్రాలకి రబ్బరు రింగులు, వెనక ఐదారు వ్యాగన్లు. పాంటోగ్రాఫ్ ఉత్తుత్తిదే అయినా పెట్టండి. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ కావాలని పిల్లలు మారాం చేస్తే, ముందు వెడల్పు మలుపుల పట్టాలు సంపాదించాక చూద్దాం అనండి.