విషాదసారంగధరము - కర్తృత్వవిచారము

ఆంధ్రనాటకపితామహులని ప్రసిద్ధి గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) బళ్లారియందు సరసవినోదినీసభను నడపుచు రచించిన నాటకములలో 'విషాదసారంగధర' మొకటి. తెలుఁగున విషాదాంతనాటకములకు నిదియే మొదటిదని విమర్శకులు చెప్పుదురు. సికింద్రాబాదునందు నేనీ కథను జెప్పుచుండఁగా నొక విద్యార్థి, "అయ్యా! చిత్రాంగి వంచింపఁగా వంచితుఁడైన రాజునం దేమి దోషము?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నాకుఁ దోఁచిన సమాధానమును ఇట విన్నవించుచున్నాఁడను.

కథ లోకవిదితమే. రాజరాజనరేంద్రుఁడు వేఁటకేఁగి యుండఁగా, కుమారుఁడగు సారంగధరుఁడు ఎగిరిపోయిన పావురమునకై సవతితల్లి చిత్రాంగి నగరు సొచ్చును. ఆమె యతనిఁ గామించి, నిరాకరింపఁబడి, రాజునకుఁ జాడి చెప్పును. రాజు విచారింపక కొడుకు కాలుసేతులు నఱికించును. రాజరాజు కుమారుఁడు 1070లో చోళసింహాసన మెక్కిన కులోత్తుంగుఁడు. సారంగధరుని చరిత్రకారు లంగీకరింపరు. అయినను రాజమహేంద్రవరమున సారంగధరుని పేరిట మెట్ట యొకటి నేఁటికిని గలదు.

వ్యాకరణమున స్వతంత్రుఁడు కర్త. పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదమున 54వ సూత్రమునఁ గర్తను నిర్వచించి, 55వ సూత్రమున నాతనిఁ బ్రేరేపించువానికి హేతుసంజ్ఞతోపాటు కర్తృసంజ్ఞను గూడ విధించెను. ఇందు గమనింపఁదగినది యొకటి గలదు. ప్రేరకుఁడు కర్త యైనంతమాత్రమునఁ బ్రేరితుఁడు కర్తృత్వమును గోల్పోఁడు. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచే వండించెననినచో, వండించినవాఁడును గర్తయే, వండినవాఁడును గర్తయే. కర్తృత్వ మొకరికిఁ బెరిగినచో వేఱొకరికిఁ దఱుఁగు ధనము కాదు.

ప్రకృతమున తలారులు నఱికిరి, రాజు నఱికించెను, రాజు నఱికించునట్లు చిత్రాంగి చేసెను. తలారులకు రాజాజ్ఞ పైన నుండెను. రాజునకుఁ బైన నాజ్ఞాపించువాఁ డెవఁడును లేఁడు.

ఇట నొక యాక్షేపము. ఆజ్ఞ వేఱు, వంచన వేఱు. ఆజ్ఞప్తుఁడు తాను జేయుపని నెఱుఁగును, వంచితుఁ డెఱుఁగఁడు. అన్నమున విషము గలదని యెఱుఁగక వడ్డించినవాఁడు హంతకుఁ డగునా? కాఁడు. ఈ యాక్షేపము బలవంతమైనదే. కాని అజ్ఞానము రెండు తెఱఁగులు: తొలఁగించుకొన నలవికానిది యొకటి, అలవియయ్యుఁ దొలఁగించుకొననిది మఱియొకటి. మొదటిది మనుష్యుని రక్షించును. రెండవది తానే దోషము. వడ్డించినవానికి విషము నెఱుఁగు నుపాయము లేదు. రాజునకో, కుమారుఁడు కన్నులయెదుటనే యుండెను, న్యాయాసనము తనదే, అడుగుట కొక దినము చాలును. ఆ దినమును రాజునుండి చిత్రాంగి యపహరింపలేదు. అసత్యము చిత్రాంగిది, తొందర రాజుది.

యవనకవి యూరిపిడీసు క్రీ. పూ. 428లో ఏథెన్సునఁ బ్రదర్శించిన 'హిప్పోలిటసు' నాటకకథయు నిట్టిదే. సవతితల్లి ఫీడ్రా వ్రాసియుంచిన లేఖను నమ్మి థీసియసు కుమారుని శపించును. తుదకు దేవత యార్టెమిసు అతని యజ్ఞానమును గొంత మన్నించుచునే, సాక్ష్యమునకై నిలువక శపించినందులకు నిందించును. మన్నింపును నిందయు నొక్కనోటనే వచ్చుట యట విశేషము.

15వ శతాబ్దమున గౌరన 'నవనాథచరిత్ర' మందుఁ జేర్చిన ప్రాచీనకథలో సిద్ధుని యనుగ్రహమున సారంగధరునకుఁ గాలుసేతులు మరల వచ్చును. అందు శ్రోత యూఱట చెందును. ఆ యూఱటలో రాజుదోషము మఱుఁగుపడును. ఆచార్యులవారు విషాదాంతము చేయుటచే నామఱుఁగు తొలఁగినది. తెర పడినపిదప రాజునకు మిగులునది 'నన్ను మోసగించిరి' యను మాట యొక్కటియే. అది సత్యమేయైనను జాలదు.

కావున విద్యార్థికి నేనిచ్చిన యుత్తర మిది: "నాయనా! చిత్రాంగి దోషము సంపూర్ణము. రాజు దోషమును సంపూర్ణమే. ఒకదానిచే నొకటి చెల్లిపోదు." విద్వాంసు లీ విచారమును బరిశీలింతురుగాక.