పాలీలన్నీ పలు కావు!

మా అక్క కూతురు పోటీ పరీక్షకు చదువుకుంటూ ఒకనాడు పుస్తకం పట్టుకుని వచ్చింది.

"మామయ్యా, ఈ ఇంగ్లీషు మాటలు ఎంత బట్టీ పట్టినా నిలవటం లేదు. ఏదైనా ఉపాయం చెప్పు."

ఉపాయాలు చెప్పటమంటే నాకు మొదటినుంచీ సరదా.

"ఓస్, ఇంతేనా! గ్రీకులో 'పాలీ' అంటే చాలా అని. లాటిన్‌లో దానికే 'మల్టీ' అంటారు. మాట మొదట వీటిలో ఏది కనపడినా మన 'బహు' తగిలించెయ్. అసలు మన 'పలు'కూ ఆ 'పాలీ'కీ చుట్టరికం ఉందే పిచ్చిపిల్లా!" అన్నాను.

చాలా మాటలకు ఈ ఉపాయం పనికొస్తుంది కూడాను. పాలిగాన్ అంటే బహుభుజి. 'గాన్' అంటే కోణం. వాళ్లు కోణాలు లెక్కపెట్టారు, మనవాళ్లు భుజాలు లెక్కపెట్టారు, లెక్క ఒకటే. పాలినీషియా అంటే పలు ద్వీపాలు. పాలిథీన్ అంటే ఎథిలీన్ అణువులు వేలకొద్దీ గొలుసుకట్టుగా పెనవేసుకున్న పదార్థం. 1933లో ఇంగ్లండులో అనుకోకుండా బయటపడింది. పాలిగ్లాట్ అంటే పలు నాలుకలవాడు, బహుభాషావేత్త అన్నమాట. మన దగ్గర రెండు నాలుకలవాడంటే తిట్టు; వాళ్ల దగ్గర పది నాలుకలుంటే పండితుడు! ఇక మల్టిప్లై అంటే పలు మడతలు వేయటం. మన ఇనుమడి, ముమ్మడి లాంటిదే.

పరీక్ష అయింది. పోలియో మైలిటిస్ అన్న పేరులో మొదటి మాటకు అర్థమేమిటని అడిగి, నాలుగు జవాబులిచ్చారట. అమ్మాయి నా ఉపాయం తలుచుకుని, 'అనేకం' అన్నదానికి గుర్తు పెట్టి వచ్చింది. ఫలితాలొచ్చాయి. ఒక్క మార్కులో తప్పింది.

"నువ్వు చెప్పినట్టే పెట్టాను మామయ్యా" అంది, అంతే. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నిఘంటువు తీశాను. 'పోలియోస్' అంటే గ్రీకులో బూడిదరంగు. వెన్నుపాములో బూడిదరంగుగా ఉండే భాగాన్ని ఈ వ్యాధి దెబ్బతీస్తుంది. కాళ్లూ చేతులూ చచ్చుబడేది అందుకే. పోలీసూ, పాలిటిక్సూ 'పోలిస్' నుంచి వచ్చినవి, అంటే నగరం. బూట్లకు వేసే పాలిష్ లాటిన్‌ది, నునుపు చేయటమని. పలు అన్న అర్థం వీటిలో ఒక్కదానికీ లేదు. ఇంగ్లీషు స్పెల్లింగులో నాలుగో అక్షరం 'వై' అయితేనే అది 'చాలా' అన్న పాలీ. పోలియోలో, పోలీసులో, పాలిష్‌లో అక్కడున్నది 'ఐ'. ఈ ఒక్క ముక్కా ముందే చెప్పి ఉంటే!

చుట్టరికం సంగతీ అంతే. గ్రీకు పాలీకి బంధువు సంస్కృతంలోని 'పురు'. మన 'పలు' అరవం వాళ్ల 'పల'కు తోబుట్టువు. శబ్దం కలిసింది గాని ఇంటిపేర్లు వేరు.

మళ్లీ పరీక్షకు కూర్చుంటోంది. నిన్న వచ్చి "పోలో ఆటకు ఆ పేరెలా వచ్చింది?" అని అడిగింది. నోటిదాకా వచ్చిన జవాబు మింగి, నిఘంటువు అందుకున్నాను. గ్రీకూ కాదు, లాటినూ కాదు. కాశ్మీరుకు ఉత్తరాన కొండల్లో మాట్లాడే బాల్టీ భాషలో పోలో అంటే బంతి అట.