కామెర్ల వెనుక దాగిన వైరస్: డాక్టర్ ఖురూ పరిశోధన

ఎవరికైనా కళ్లు పచ్చబడితే కామెర్లు అంటాం. పసరు వేయిస్తాం, పథ్యం పెడతాం. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది కూడా. అయితే కామెర్లు అనేది జబ్బు పేరు కాదు, కాలేయం దెబ్బతిన్నదని చెప్పే గుర్తు. నీటి ద్వారా వచ్చే కామెర్ల వెనుక అప్పటిదాకా ఎవరికీ తెలియని వైరస్ ఒకటి ఉందని, అది గర్భిణుల ప్రాణాలకే ఎక్కువ ముప్పు తెస్తుందని గుర్తించిన వైద్యుల్లో ముఖ్యులు కశ్మీర్‌కు చెందిన డాక్టర్ మొహమ్మద్ సుల్తాన్ ఖురూ.

1978 నవంబరులో కశ్మీర్ లోయలో గుల్‌మార్గ్, సోపోర్ ప్రాంతాల పల్లెల్లో కామెర్లు ప్రబలాయి. ఖురూ అప్పుడు శ్రీనగర్‌లో పనిచేస్తున్న యువ వైద్యుడు. ఆయన చేతిలో పెద్ద ప్రయోగశాల లేదు. తన బృందంతో పల్లెలకు వెళ్లి, ఇంటింటా ఎవరికి జబ్బు వచ్చింది, వయసెంత, తాగే నీరు ఎక్కడిది అని రాసుకున్నారు. ఆ పల్లెలు కలుషితమైన వాగు నీటినే తాగుతున్నాయి. మొత్తం మీద సుమారు 52,000 మంది జబ్బు పడ్డారని, 1,700 మంది చనిపోయారని తర్వాత అంచనా వేశారు.

నీటి ద్వారా వచ్చే కామెర్లంటే హెపటైటిస్-ఏ అని అప్పట్లో వైద్యుల నమ్మకం. ఖురూకు ఇక్కడే సందేహం వచ్చింది. అప్పట్లో మన దేశంలో దాదాపు అందరికీ చిన్నతనంలోనే హెపటైటిస్-ఏ సోకి, మళ్లీ రాకుండా రక్షణ ఏర్పడేది. అలాంటప్పుడు ఇంతమంది పెద్దవాళ్లు ఎందుకు జబ్బు పడుతున్నారు? రక్త పరీక్షల్లో కొత్తగా సోకిన ఏ గాని, బీ గాని కనబడలేదు. ఇది మరో వైరస్ అయి ఉండాలని ఆయన 1980లో ప్రచురించారు. 1955–56లో ఢిల్లీని కుదిపేసిన కామెర్లకు కూడా హెపటైటిస్-ఏ కారణం కాదని, దాచి ఉంచిన రక్త నమూనాలను పరీక్షించిన ఇతర శాస్త్రవేత్తలు అదే ఏడాది తేల్చారు.

ఆయన లెక్కల్లో అందరినీ కలవరపెట్టింది గర్భిణుల సంగతి. 1981లో ప్రచురించిన వివరాల ప్రకారం 208 మంది గర్భిణుల్లో 36 మందికి కామెర్లు వచ్చాయి. వారిలో 8 మందికి కాలేయం పనిచేయడం మానేసే ప్రమాదకర స్థితి ఏర్పడింది. గర్భం లేని 3,350 మంది స్త్రీలలో జబ్బు పడినవారు 71 మంది. వారిలో ఒక్కరికీ ఆ స్థితి రాలేదు.

వైరస్‌ను కంటితో చూడడం ఇంకా మిగిలింది. అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ సైనికులకు కామెర్లు వచ్చినప్పుడు, రష్యన్ వైరాలజిస్టు మిఖాయిల్ బలయాన్ తొమ్మిది మంది రోగుల మలం నుంచి తీసిన ద్రావణాన్ని తానే మింగి, జబ్బు పడి, తన నమూనాల్లో వైరస్‌ను మైక్రోస్కోపు కింద చూశారు. ఆ ఫలితాలు 1983లో వెలువడ్డాయి. 1990లో వైరస్ జన్యు పదార్థాన్ని గుర్తించారు. దానికి హెపటైటిస్-ఈ అనే పేరు స్థిరపడింది.

ఖురూ ఈ జబ్బును వదిలిపెట్టలేదు. తల్లి నుంచి గర్భస్థ శిశువుకు ఈ వైరస్ సోకుతుందని 1995లో చూపించారు. ఆ పనిలో ఆయనతో పాలుపంచుకున్న ఢిల్లీ వైరాలజిస్టు షాహిద్ జమీల్, తర్వాతి కాలంలో హైదరాబాద్ కేంద్రంగా పరిశోధకులకు నిధులు అందించే ఇండియా అలయన్స్ సంస్థకు నాయకత్వం వహించారు. ఎక్కించే రక్తం ద్వారా కూడా వైరస్ రావచ్చని ఖురూ బృందం 2004లో తెలిపింది.

ఇది కశ్మీర్‌కే పరిమితమైన సమస్య కాదు. 2005లో హైదరాబాద్‌లో ఇదే వైరస్ వల్ల కామెర్లు వ్యాపించాయి. పాతబస్తీ వైపు మంచినీటి పైపులు మురుగు కాలువలను దాటుతూ వెళ్లే చోట్ల నీరు కలుషితమైంది. చైనాలో 2011లో ఈ వైరస్‌కు టీకా ఆమోదం పొందింది. 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియూ నిర్వాసితుల శిబిరంలో గర్భిణులతో సహా అనేకమందికి ఆ టీకా వేశారు. అయినా మొదటి రక్షణ శుభ్రమైన నీరే.

దాతలు ఈ చరిత్ర నుంచి తీసుకోవలసినవి ఉన్నాయి. బోరు వేయించేటప్పుడు దగ్గరలో మరుగుదొడ్డి గుంట, మురుగు కాలువ ఉన్నాయేమో చూడాలి. నీళ్ల ట్యాంకు కట్టించి వదిలేయకుండా, దాన్ని కడిగించడానికి, క్లోరిన్ వేయించడానికి ఏటా కొంత సొమ్ము కేటాయించాలి. వీధిలో కామెర్లు కనబడితే ఇంటింటా నీళ్లు కాచి తాగమని చెప్పాలి. నిండు నెలల స్త్రీకి కళ్లు పచ్చబడితే పసరు కోసం తిప్పకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి చేర్చాలి. ఆటో కిరాయి లేక ఆగిపోయే కుటుంబానికి ఆ సాయం ప్రాణదానమే.

మన పిల్లల్లో సైన్స్ చదివేవారికి ఇచ్చే స్కాలర్‌షిప్పును కూడా ఇదే దృష్టితో చూడాలి. ఖురూ మొదట అనుమానించిన వైరస్‌కు గుర్తింపు రావడానికి పదేళ్లు పట్టింది. ఒక ఏడాది ఫీజు కట్టి ఆపేయకుండా, చదువు పూర్తయ్యేదాకా విద్యార్థి వెంట నిలిస్తేనే అలాంటి పని సాగుతుంది.