సన్‌రూఫ్ సరే, ఆర్‌సీ చూపించండి

కొత్త బండి కొన్నవాళ్లు నన్ను పిలిచి ముందు సన్‌రూఫ్ చూపిస్తారు. తర్వాత సీట్లలోంచి వచ్చే చల్లగాలి, ఆ తర్వాత డాష్‌బోర్డంతా పరుచుకున్న తెర. అన్నీ చూసి, నిజంగానే ముచ్చటపడి, "ఆర్‌సీ ఏదండీ?" అంటాను. మొహం కాస్త చిన్నబోతుంది. ఏం చేయను? విజయవాడలో కంపెనీ బండ్లకీ ట్రావెల్స్ బండ్లకీ ఇన్సూరెన్స్ రాసి బతికేవాణ్ణి. బండి ఎవరి పేరున ఉంది, నంబరు ప్లేటు తెలుపా పసుపా, స్టీరింగు ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి తెలిస్తేగానీ నా కలం కదలదు.

అలాగని ఆ మోజుని తేలిగ్గా తీసెయ్యను. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ చీరకట్టుతో చిన్న కార్లోకి వంగి కూలబడడం, దిగేటప్పుడు ఇద్దరు చెయ్యందించడం చూసినవాళ్లకి ఎత్తు సీటు సుఖం వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో బెజవాడ ఎండకి వీపు తడవకుండా హైదరాబాద్ చేరడం మామూలు సంగతా? పైగా వ్యాపారం. వెంచర్ చూపించడానికి కస్టమర్లని తీసుకెళ్లే రియల్ ఎస్టేట్ మిత్రుడొకాయన, "బండి చూసే కదన్నా అడ్వాన్సు చేతిలో పెట్టేది" అంటాడు. కాదనలేను.

ఈ మోజు మొదటినుంచీ ఉన్నదేం కాదు. 1970లో రేంజ్ రోవర్ తొలిసారి వచ్చినప్పుడు లోపల తోలూ లేదు, చెక్కా లేదు. బురదయితే పైపు పెట్టి కడిగేసుకునేలా వినైల్ సీట్లు, ప్లాస్టిక్ డాష్‌బోర్డు. పొలానికెళ్లే బండి పెళ్లికెళ్లే బండిగా మారడానికి చాలా ఏళ్లే పట్టింది. 1997లో మెర్సిడెస్ ఎం-క్లాస్, 1999లో బీఎండబ్ల్యూ ఎక్స్‌5 వచ్చాయి. 2018కల్లా రోల్స్ రాయిస్ కూడా కలినన్‌తో ఈ వరసలో చేరింది. మనవాళ్లకి మాత్రం 2009లో వచ్చిన ఫార్చ్యూనరే పెద్ద మలుపు అంటాను. నాయకుల కాన్వాయ్‌లో కనిపించాక దాని దర్జాకి తిరుగు లేకపోయింది.

ఈ మధ్య పన్ను కూడా కలిసొచ్చింది. నాలుగు మీటర్ల పొడవు, 1500 సీసీ ఇంజిన్ దాటి, 170 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ మిగిలింది. అయితే డైరెక్టర్లు తిరగడానికి కంపెనీ కొన్న కారు మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకోనివ్వరు. దాని ఇన్సూరెన్స్ మీద కట్టినదీ అంతే. ఇది ఆడిటరు చెప్పాల్సిన మాట. కానీ ఆయన దగ్గరికి బండి కొన్నాకే వెళ్తారు.

సరే, ప్లేటు సంగతికొస్తాను. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీలు ఇష్టం వచ్చినట్టు వేసేది కాదు, ప్రభుత్వం నిర్ణయించేది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిన సొంత కారుకి ఏడాదికి 7,897 రూపాయలు. అదే ఇన్నోవాని పసుపు ప్లేటుతో ట్యాక్సీగా తిప్పితే 10,523 రూపాయలు, దానిమీద ఒక్కో ప్రయాణికుడికి 1,117 చొప్పున. డ్రైవర్ కాక ఆరుగురు కూర్చునే బండికి లెక్కవేస్తే 17,225. జీఎస్టీ అదనం. రెండింతలు దాటిపోయిందిగా. అందుకే తెల్ల ప్లేటుతోనే గుట్టుగా కిరాయిలు తోలడం. పెళ్లిళ్ల సీజన్లో, ఎన్నికలప్పుడు ఇది మరీ ఎక్కువ. స్నేహితుడి కూతురి పెళ్లికి ఊరికే బండి పంపితే ఏ ఇబ్బందీ లేదు. రోజుకింత అని మాట్లాడుకుని పంపితే మాత్రం అది కిరాయే. ప్రమాదం జరిగితే సర్వేయరు బండిని చూశాక బండిలోని వాళ్లతో మాట్లాడతాడు. "రోజుకి ఎంతకి మాట్లాడుకున్నారు?" అని మామూలుగా అడుగుతాడు, వాళ్లూ మామూలుగా చెప్పేస్తారు. సొంత వాడకానికి రాసిన పాలసీ అక్కడితో ఆగిపోతుంది. ఏడాదికి తొమ్మిది వేలు మిగిల్చుకోబోయి యాభై లక్షల బండి రిపేరు నెత్తిన వేసుకోవడం నాకెప్పటికీ అర్థం కాదు.

యాభై లక్షలన్నాను గానీ పాలసీలో ఆ అంకె ఎక్కువకాలం నిలవదు. ఐడీవీ అంటాం, అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. షోరూం ధర మీద మొదటి ఆరు నెలల్లోనే 5 శాతం కోత పడుతుంది. రెండేళ్లు దాటితే 30, నాలుగు దాటితే 50 శాతం. లక్షల్లో కట్టిన లైఫ్ ట్యాక్స్ ఈ లెక్కలోకే రాదు. అది కూడా వెనక్కి రావాలంటే 'రిటర్న్ టు ఇన్వాయిస్' అనే అదనపు కవర్ కొత్తలోనే తీసుకోవాలి.

బంపర్ల సంగతి ఇంకో ముచ్చట. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి తరుగు కోసి సగం డబ్బే ఇస్తారు. పాత అంబాసిడర్‌కి ఉక్కు బంపరు, వంగితే సుత్తితో సరిచేసేవాళ్లు. ఇప్పటి లగ్జరీ ఎస్‌యూవీలో బంపరంటే ప్లాస్టిక్ తొడుగు, దాని వెనక రాడార్, పార్కింగ్ సెన్సర్లు, కెమెరా. గేటు స్తంభానికి రాసుకుంటే చాలు, బిల్లు చిన్న కారు బాడీ పని మొత్తాన్ని మించిపోతుంది. అద్దం పగిలినా అంతే. అద్దానికి తరుగు కొయ్యరు, నిజమే. కానీ దాని వెనకున్న కెమెరాని మళ్లీ సరిగ్గా అమర్చాలి. ఆ పని ఆటోనగర్‌లో ఎంత చెయ్యితిరిగిన మేస్త్రీ అయినా మామూలు పనిముట్లతో చెయ్యలేడు. ఇలాంటి బండికి తరుగు కొయ్యని జీరో డెప్ కవర్, మనవాళ్లు బంపర్ టు బంపర్ అనేది, తీసుకోవాల్సిందే అంటాను. పసుపు ప్లేటుకి అన్ని కంపెనీలూ దాన్ని ఇవ్వవు. ఇచ్చినా ఏడాదికి ఎన్ని క్లెయిములు ఒప్పుకుంటారో ముందే అడగాలి.

ఒక కాంట్రాక్టరు గారున్నారు. ఆఫీసుకి డిజైర్లు, అతిథులకి ఇన్నోవాలు, సైట్ల దగ్గర బొలెరోలు. ఆ మధ్య ఒక డిఫెండర్ తెచ్చుకున్నారు. "అన్నీ కలిపి ఒకే తేదీకి కట్టేయ్ బాబూ, నాకు ఇన్ని రెన్యువల్ తేదీలు గుర్తుండవు" అన్నారు. న్యాయమైన కోరికే. ఫ్లీట్ పాలసీలో సుఖం అదే. ఒకటే తేదీ, కొత్త బండి చేరినా పాతది అమ్మినా ఒక ఎండార్స్‌మెంటుతో పని అయిపోతుంది, సంఖ్య ఎక్కువుంటే రేటులో బేరమూ ఆడొచ్చు. కానీ మరుసటి ఏడు కంపెనీ చూసేది మొత్తం బండ్ల క్లెయిములు కలిపి. కట్టిన ప్రీమియం ఎంత, తీసుకున్న క్లెయిము ఎంత అని ఒకే గీత కింద కూడుతుంది. డిఫెండర్ ఒక్కసారి గట్టిగా తగిలిందంటే, ఏ తప్పూ చెయ్యని బొలెరోల రేటు కూడా పెరుగుతుంది. "దాన్ని విడిగా రాద్దాం సార్" అన్నాను. ఆయనకి నచ్చలేదు. డిజైర్లతో కలపనన్నందుకు కాదు, రెండు తేదీలు గుర్తుపెట్టుకోవాల్సొచ్చినందుకు.

విడిగా రాయడంలో ఇంకో లాభం ఎన్‌సీబీ. క్లెయిము లేని ఏళ్లకిచ్చే ఈ తగ్గింపు 20 శాతంతో మొదలై 50 దాకా పోతుంది. మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం 80 వేలుంటే 40 వేలు మిగిలినట్టే. పదిహేను వేల గీతకి క్లెయిము పెట్టి దాన్ని పోగొట్టుకోవద్దని పోరుతుంటాను. ఈ తగ్గింపు బండితో పోయేది కాదు, యజమానితో ఉండేది. మూడు నాలుగేళ్లకోసారి ఎస్‌యూవీ మార్చేవాళ్లు పాతది అమ్మేటప్పుడు ఎన్‌సీబీ సర్టిఫికెట్ రాయించుకుంటే కొత్త కారుకి వాడుకోవచ్చు.

నీళ్ల గురించి చెప్పకుండా బెజవాడవాడు బండి కథ ముగించలేడు. డిఫెండర్ కంపెనీ పుస్తకంలో 900 మి.మీ. లోతు నీళ్లలో నడుస్తుందని ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ పుస్తకం చదివి రాలేదు. రోజుల తరబడి మునిగి ఉన్న బండ్లకి సీట్లు, వైర్లు, కంప్యూటర్లు పాడైతే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలోనే చెల్లింపు ఉంటుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా తేల్చేస్తారు. చిక్కంతా నీళ్లు దిగాక ఆత్రంగా తాళం తిప్పడంతో వస్తుంది. సిలిండర్లోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, లోపల రాడ్లు వంగిపోతాయి. అది వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడంవల్ల వచ్చిందని కంపెనీ అంటుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేకపోతే ఆ వాదన మీద గెలవడం కష్టం. తాళం ముట్టుకోకుండా ఫోటోలు తీసి, క్రేన్ పిలవండి.

చివరగా డ్రైవరు. 7,500 కిలోల లోపు ట్యాక్సీని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చాలా క్లెయిముల గొడవ దాంతో తీరింది. మిగిలింది ఇంకోటి. సొంత పేరున బండి ఉన్నవాళ్లకి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. కంపెనీ పేరున ఉన్న బండికి అది వర్తించదు, కంపెనీకి లైసెన్సు ఉండదు గదా. జీతం మీద పనిచేసే డ్రైవరుకి దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాల్సిన పరిహారానికి మాత్రం విడిగా ఒక గడి ఉంటుంది. ప్రీమియం మనిషికి 50 రూపాయలు. కోటి రూపాయల బండి ప్రపోజల్ ఫారంలో ఆ గడి ఖాళీగా వచ్చిన సందర్భాలున్నాయి. అలా వస్తే నేను సంతకం తీసుకోను. డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, దాని గడువు తేదీ రాయించి, ఆ యాభై కలిపి, మళ్లీ లెక్క వేసి చూపిస్తాను.